నీళ్ళలో ముంచిన తరవాత ఇంకో వేడి



ముందుగా ఒక చిన్న ప్రశ్న. గోడకు గాడి కొట్టే ఉలి ఉంది. అది ఎంత గట్టిగా ఉండాలి? ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని మీరు ఈపాటికే అనేసి ఉంటారు. కమ్మరిని అడిగితే ఒప్పుకోడు. మరీ గట్టిదైతే మొదటి దెబ్బకే అంచు పెచ్చులూడిపోతుంది. మరీ మెత్తదైతే మొదటి దెబ్బకే అంచు వంగి మడత పడుతుంది. పని చేసే ఉలి ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటుంది.

ఆ నడుమ చోటికి చేరడానికి దారి కొంచెం విచిత్రంగా ఉంటుంది. ముందు ఉక్కును కావలసినదానికన్నా ఎక్కువ గట్టి చేయాలి. తరవాత ఆ గట్టిదనంలో కొంత కావాలనే తీసేయాలి. ఆ తీసేసే పనినే ఇంజనీర్లు టెంపరింగ్ అంటారు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ రెండో పని గురించి. మొదటి పనికి చప్పుడు ఎక్కువ, మంట ఎక్కువ, అందరూ చూస్తారు. రెండో పనికి చప్పుడే ఉండదు. అందుకే ఎవరికీ పట్టదు.

నేనుండేది ఢిల్లీలో, ఆర్.కె. పురంలో. రామకృష్ణపురం అన్నమాట. సెక్టార్లు, సర్కారు క్వార్టర్లు, గుట్ట మీద మలై మందిర్. ఫైళ్ళు కదిలే పేటే గానీ కొలిమి రాజుకునే పేట కాదు అనుకుంటారు. కానీ ఢిల్లీలో పెద్ద రోడ్ల వెంబడి కాస్త నిదానంగా వెళ్ళండి. పేవ్‌మెంటు మీద, ఫ్లైఓవర్ నీడన, గోడ వారగా ఒక పాత ఎడ్లబండి, దాని పక్కన చిన్న కొలిమి, ముందు పెనాలు, పట్టుకార్లు, సుత్తులు, గొడ్డళ్ళు పరిచి అమ్మకానికి పెట్టినవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళు గాడియా లోహార్లు. గాడీ అంటే బండి, లోహార్ అంటే కమ్మరి. బండి కమ్మరులు.

1568లో అక్బరు సేన చిత్తోడ్ కోటను పట్టుకున్నప్పుడు తాము కోట విడిచి వచ్చేశామని, దాన్ని తిరిగి గెలిచేదాకా స్థిరంగా ఓ చోట ఇల్లు కట్టుకోమని ఒట్టు పెట్టుకున్నామని వాళ్ళు చెప్పుకుంటారు. 1955లో నెహ్రూ స్వయంగా చిత్తోడ్ వెళ్ళి, వాళ్ళను కోటలోకి తోడ్కొని పోయి ఆ ఒట్టు తీర్పించారు. ఒట్టయితే తీరింది. ఇల్లు మాత్రం ఇప్పటికీ చాలామందికి అమరలేదు. అది వేరే కథ, ఇంకో రోజు చెప్పుకోవలసిన కథ.

వాళ్ళ పని దగ్గర నిలబడి చూస్తే పొద్దు తెలియదు. మగాయన నేల మీద కూర్చుని పట్టుకారుతో కాలిన ఇనుమును దాగలి మీద పట్టుకుంటాడు. సమ్మెట ఎత్తి కొట్టేది చాలాసార్లు ఆడమనిషే. దెబ్బ ఎక్కడ పడాలో ఆయన చిన్న సుత్తితో తట్టి చూపిస్తాడు. ఆవిడ సమ్మెట సరిగ్గా అక్కడే దిగుతుంది. ఒక్క మాట ఉండదు.

కట్టుబడి పనుల దగ్గర్నుంచి కూలీలు మొండిబారిన ఉలులు, గునపాలు తెస్తుంటారు. అలాంటి ఒక ఉలికి ఏం జరుగుతుందో చెబుతాను. మీరు కళ్ళకు కట్టించుకోండి.

ముందు కొలిమిలో కాల్చి, కొట్టి, అంచు సాగదీస్తారు. అంతవరకూ మామూలే. తరవాత ఉలి కొసను మళ్ళీ కొలిమిలో పెడతారు. కొస ఎర్రబడి, ఆ ఎరుపు కాస్త నారింజ వైపు తిరుగుతుంది. అప్పుడు బయటికి తీసి, మొత్తం ఉలిని కాదు, కొసను మాత్రం, రెండు వేళ్ళ మందం, బొక్కెనలోని నీళ్ళలో ముంచుతారు. చుయ్‌మంటుంది. ఆవిరి లేస్తుంది. చూసేవాడు ఇక్కడితో పని అయిపోయింది అనుకుంటాడు. సినిమాల్లో కత్తులు చేసే సీను కూడా ఇక్కడితోనే అయిపోతుంది. అసలు పని ఇప్పుడే మొదలవుతుంది.

ఇప్పుడు ఉలి కొస చల్లగా ఉంది. చల్లగా ఉంది, చాలా గట్టిగా ఉంది, అంతే పెళుసుగా ఉంది. దాన్ని ఇప్పుడు రాయి మీద పెట్టి కొడితే అంచు పెచ్చు లేచిపోతుంది. కానీ వెనక భాగం నీళ్ళలో మునగలేదు కదా. అక్కడ వేడి ఇంకా దాగి ఉంది. కమ్మరి ఒక ఇటుక పెంకు తీసుకుని కొస మీద నల్లటి పొరను గబగబా రుద్దేస్తాడు. ఉక్కు తెల్లగా మెరుస్తుంది. ఇక ఆ తెల్లటి చోటు మీదనుంచి కన్ను తిప్పడు.

వెనక దాగిన వేడి మెల్లగా ముందుకు పాకుతుంది. వేడితో పాటు రంగులు వస్తాయి. ముందు లేత పసుపు. ఎండుగడ్డి రంగు. తరవాత గోధుమ రంగు. తరవాత ఊదా. దాని వెనక నీలం. మంట లేదు, ఎరుపు లేదు. చల్లారిన ఉక్కు మీద పట్టీలు పట్టీలుగా రంగులు అంచు వైపు నడిచి వస్తాయి. గడ్డి రంగు అంచును తాకి దాటిపోతుంది. ఊదా అంచుకు చేరుతుంది. ఆ క్షణాన ఉలిని మొత్తంగా నీళ్ళలో పడేస్తాడు. ఒక్క ఊపిరి ఆలస్యమైతే నీలం వచ్చేస్తుంది, అంచు మెత్తబడిపోతుంది. మళ్ళీ మొదటికి రావాలి.

రేడియోలో పేజీ వెనక్కి తిప్పడం కుదరదు కనక ఇంకోసారి చెబుతాను. ఎర్రగా కాల్చారు. నీళ్ళలో ముంచారు, గట్టిపడింది. తరవాత మళ్ళీ వేడి తగలనిచ్చారు, కానీ ఈసారి చాలా తక్కువ వేడి, ఎర్రబడనంత తక్కువ. ఆ వేడికి గట్టిదనం కొంచెం తగ్గింది. పెళుసుదనం చాలా తగ్గింది. బేరం అంతా ఇందులోనే ఉంది. కొంచెం ఇచ్చి చాలా పుచ్చుకోవడం.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఉక్కు అంటే ప్రధానంగా ఇనుము, అందులో కొద్దిగా కార్బన్. కొద్దిగా అంటే నిజంగా కొద్దిగానే. ఉలికీ కత్తికీ వాడే ఉక్కులో నూటికి ఒక వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. ఇనుము లోపల పరమాణువులు వరసలుగా అమరి ఉంటాయి. మామూలు వేడిలో ఒక రకం అమరిక. ఎర్రగా కాలినప్పుడు, సుమారు 730 డిగ్రీలు దాటాక, ఇంకో రకం అమరిక. ఈ రెండో అమరికలో కార్బన్‌కు చోటు దొరుకుతుంది. హాయిగా లోపలికి వచ్చి సర్దుకుంటుంది. మెల్లగా చల్లారనిస్తే మెల్లగా బయటికి వచ్చేస్తుంది. కానీ మనం మెల్లగా చల్లారనివ్వలేదు. నీళ్ళలో ముంచాం.

సంక్రాంతికి ఢిల్లీ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో ఊరెళ్ళినవాళ్ళకు ఇది చిటికెలో అర్థమవుతుంది. బండి ఆగి ఉన్నంతసేపూ ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు. హఠాత్తుగా బండి కదిలిందా, ఎవరెక్కడ ఉన్నారో అక్కడే. ఒంటికాలి మీద ఉన్నవాడు ఒంటికాలి మీదే. ఉక్కును నీళ్ళలో ముంచగానే కార్బన్‌కు పట్టే గతి అది. ఇనుము తన పాత అమరికకు తిరిగి వెళ్ళబోతుంది. నడుమ కార్బన్ ఇరుక్కుపోయి ఉంది. అమరిక సాగి, వంకర తిరిగి, బిగుసుకుపోతుంది. ఒక వరస పక్క వరస మీద జారడానికి వీల్లేదు. జారలేకపోతే వంగలేదు. వంగలేకపోతే గట్టిగా ఉంటుంది. దెబ్బ గట్టిగా తగిలితే పగులుతుంది. ఈ బిగుసుకుపోయిన స్థితికి మార్టెన్‌సైట్ అని పేరు. అడాల్ఫ్ మార్టెన్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడి పేరు మీద పెట్టారు.

ఇప్పుడు కొంచెం వేడి తగిలింది. నాగపూర్ స్టేషన్ వచ్చిందనుకోండి. బోగీ ఖాళీ కాదు. కానీ కొందరు దిగుతారు, మిగిలినవాళ్ళు కాళ్ళు చాపుకుంటారు. ఇరుక్కున్న కార్బన్‌లో కొంత కదిలి, పక్కనే ఉన్న ఇనుముతో కూడి, కంటికి కనిపించనంత సన్నటి రేణువులుగా మారుతుంది. లోపలి బిగువు సడలుతుంది. ఎక్కువ వేడి తగిలితే ఎక్కువ సడలుతుంది. ఎంత సడలాలో మీరు చేసే పనిముట్టును బట్టి ఉంటుంది.

గడ్డం గీసే కత్తికి గట్టిదనం ముఖ్యం, దెబ్బలు తగలవు. దానికి గడ్డి రంగు చాలు, అంటే సుమారు 220 డిగ్రీలు. సుత్తి దెబ్బలు తినే ఉలికి ఊదా రంగు, 280 దరిదాపు. వంగి మళ్ళీ నిటారుగా నిలవాల్సిన స్ప్రింగుకు నీలం, 300 దాకా. బండి ఇరుసులాంటి వాటికి 500, 600 డిగ్రీలు కూడా వేడి చేస్తారు. అక్కడ రంగులు పనికిరావు, కొలత ఉన్న పొయ్యిలు కావాలి.

ఈ రంగులు ఎక్కడివి అంటారా? ఉక్కుకు రంగు లేదు. వేడికి ఉక్కు మీద గాలి చేరి అతి పల్చని పొర కడుతుంది. ఆ పొర పైభాగం నుంచి తిరిగొచ్చే వెలుతురు, అడుగు నుంచి తిరిగొచ్చే వెలుతురు కలిసి ఒక రంగును మింగేస్తాయి, మిగిలిన రంగు మనకు కనిపిస్తుంది. పొర మందమయ్యేకొద్దీ రంగు మారుతుంది. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులు చూపేది కూడా ఈ కారణంతోనే. కమ్మరికి ఈ లెక్క తెలియనక్కరలేదు. ఆయన దగ్గర థర్మామీటరు లేదు. ఆ పల్చటి పొరే ఆయన థర్మామీటరు. మన ఊళ్ళలో కమ్మరి కొలిమి ఎప్పుడూ పాక కింద, చెట్టు కింద, చీకటిగా ఉంటుంది, గమనించారా? ఎండ తగలకుండా ఉండడానికి మాత్రమే కాదు. మండుటెండలో కాలిన ఇనుము ఎరుపు ఎంతో తెలియదు. నీడలో అయితే ఇట్టే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. వేడి పెంచేకొద్దీ దెబ్బకు తట్టుకునే గుణం పెరుగుతూనే పోతుందని అనుకోవద్దు. కొన్ని మిశ్రమ ఉక్కుల్లో నడిమధ్య ఒక చెడ్డ చోటుంది. సుమారు 260 నుంచి 370 డిగ్రీల మధ్య వేడి చేస్తే అవి మెత్తబడుతూనే మళ్ళీ పెళుసవుతాయి. గట్టిదనం పోయె, దిట్టదనమూ రాకపోయె. కర్మాగారాల్లో ఆ మేర తప్పించి పైకో కిందికో వెళతారు.

సరే, ఇప్పుడు ఆర్.కె. పురం నుంచి దక్షిణంగా కాస్త దూరం, మెహ్రౌలీకి వెళ్దాం. కుతుబ్ మీనార్ ఆవరణలో ఉక్కు స్తంభం ఉందని చాలామంది అంటారు. అది ఉక్కు కాదు, ఇనుము. గుప్తుల కాలం నాటిది. ఎత్తు 7 మీటర్ల పైచిలుకు, బరువు 6 టన్నులు ఉంటుందని అంచనా. తుప్పు పట్టదని దాని ప్రఖ్యాతి. ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం దాని మీద ఏళ్ళ తరబడి పని చేసి, ఆ ఇనుములో ఉన్న భాస్వరం వల్ల ఒక రక్షణ పొర ఏర్పడిందని వివరించారు. నాకు కావలసింది తుప్పు సంగతి కాదు. ఆ స్తంభాన్ని ఎర్రగా కాల్చి గంగలో ముంచినా పెద్దగా గట్టిపడదు. ఎందుకంటే అందులో కార్బన్ తక్కువ. ఇరుక్కోవడానికి మనుషులే లేని బోగీ అది. దాని నడుము మీద ఫిరంగి గుండు తగిలిన సొట్ట ఒకటి ఉంది. వెనక వైపు కొద్దిగా చీలింది. అంతే. స్తంభం ముక్కలు కాలేదు. ముంచి వదిలేసిన గట్టి ఉక్కుతో చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇక దీనికి పూర్తిగా అవతలి కొస మన తెలంగాణలో ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. అక్కడి ఉక్కులో కార్బన్ మరీ ఎక్కువ, నూటికి ఒకటిన్నర వంతు దాకా ఉండేది. మట్టి మూసల్లో ఇనుమును కరిగించి చేసేవారు. ప్రపంచం దాన్ని ఊట్జ్ అన్నది. 1820ల మొదట్లో అక్కడికి వెళ్ళి చూసినవాడు హెన్రీ వోయ్‌సే. సర్వే పార్టీతో వచ్చిన వైద్యుడు, రాళ్ళ గురించి తెలిసినవాడు. ఆయన చూసిన సంగతులు ఆయన పోయాక 1832లో అచ్చయ్యాయి. ఉక్కు కొనడానికి పర్షియా దేశంలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు అక్కడిదాకా వచ్చేవారని అందులో ఉంది. నాకు అంతకన్నా ముచ్చటగా అనిపించిన సంగతి ఇంకోటుంది. మూస పగలగొట్టి తీసిన ఉక్కు బిళ్ళ నేరుగా సుత్తి కిందికి వెళ్ళేది కాదు. దానికి మట్టి మెత్తి, మళ్ళీ కొలిమిలో పెట్టి, గంటల తరబడి వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ వేడి చేసి, ఇలా మూడు నాలుగుసార్లు చేశాక గానీ అది సుత్తికి లొంగేది కాదు. కరిగించడానికి పట్టిన ఓపిక ఒక ఎత్తు, దాన్ని మెత్తబరచడానికి పట్టిన ఓపిక ఒక ఎత్తు.

యూరప్ కమ్మరులకు ఈ ఓపిక సంగతి తెలియదు. తమ ఇనుమును కాల్చినట్టే తెల్లగా మెరిసేదాకా కాల్చి సుత్తితో కొట్టారు. మన ఉక్కు వాళ్ళ దాగలి మీద ముక్కలు ముక్కలైంది. లోపం ఉక్కుది కాదు. మసక ఎరుపులోనే కొట్టవలసిన ఉక్కు అది. దీని రహస్యం తెలుసుకోవాలని 1819 ప్రాంతంలో లండన్‌లో ప్రయోగాలు మొదలుపెట్టినవాడు మైకేల్ ఫారడే. విద్యుత్తుతో పేరు రాకముందు సంగతి. ఆయన తండ్రి కూడా కమ్మరే. ఇక కోనసముద్రం పరిసరాల్లో చిట్టెం కుప్పలు, మూసల పెంకులు ఇప్పటికీ దొరుకుతాయి. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ అంతా తిరిగి ఇలాంటి చోట్లు నమోదు చేశాయి.

మళ్ళీ ఆర్.కె. పురానికి వద్దాం. మా పక్కనే ముహమ్మద్‌పూర్, కాస్త అవతల నౌరోజీ నగర్, నేతాజీ నగర్, సరోజినీ నగర్. అక్కడి పాత సర్కారు క్వార్టర్లు తీసేసి ఆకాశాన్నంటే భవనాలు కట్టే పథకానికి 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. అప్పట్నుంచి ఈ చుట్టుపక్కల ఇనుప ఊచల లారీ ఎదురవని రోజు తక్కువ. ఆ ఊచల మీద చిన్న అక్షరాలతో టి.ఎం.టి. అని గానీ, ఎఫ్.ఇ. 500 అని గానీ ముద్ర ఉంటుంది. ఇల్లు కట్టుకున్న శ్రోతలందరికీ ఆ పేరు తెలుసు. సిమెంటు కొట్టువాడు చెబుతాడు, మేస్త్రీ చెబుతాడు, టీవీలో సినిమా నటుడు చెబుతాడు. అదేమిటో మాత్రం ఎవరూ చెప్పరు.

నేను చెబుతాను. చాలా అందమైన సంగతి.

ఊచ రోలింగు మిల్లులోంచి ఎర్రగా, 900 డిగ్రీల పైన వేడితో పరుగెత్తుకుంటూ వస్తుంది. అలా పరుగులో ఉండగానే నాలుగు వైపుల నుంచీ నీళ్ళు ధారగా కొడతారు. అదీ ఒకటి రెండు క్షణాలే. పై చర్మం నల్లబడి గట్టిపడుతుంది. లోపలి గుజ్జు ఇంకా ఎర్రగానే ఉంది. నీళ్ళ పెట్టె దాటి ఊచ బయటపడుతుంది. ఇప్పుడు లోపలి వేడి బయటికి పాకుతుంది. గట్టిపడి పెళుసుగా ఉన్న ఆ చర్మాన్ని లోపలి నుంచే మళ్ళీ 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. చర్మం దిట్టమవుతుంది. గుజ్జు నిదానంగా చల్లారి మెత్తగా మిగులుతుంది.

పేవ్‌మెంటు మీద లోహార్ ఏం చేశాడు? ఉలి వెనక భాగంలో వేడి దాచుకుని, దాన్ని కొసకు పాకనిచ్చాడు. ఇక్కడ ఏం చేశారు? ఊచ నడిమి భాగంలో వేడి దాచుకుని, దాన్ని చర్మానికి పాకనిచ్చారు. పని ఒకటే. వేరే పొయ్యి అక్కరలేదు, వేరే బొగ్గు అక్కరలేదు. బెల్జియంలో 1970లలో ఈ పద్ధతిని పరిశ్రమకు తగ్గట్టు తీర్చిదిద్దారు. మన విశాఖ ఉక్కు కర్మాగారం ఊచలు కూడా టి.ఎం.టి. ఊచలే. లోహార్లకు పేటెంటు ఇవ్వాల్సిందని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఊచ కోసిన చివరను నున్నగా సానబట్టి, ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లంతో తుడిస్తే అంచు చుట్టూ నల్లటి వలయం తేలుతుంది. గట్టిపడి, మళ్ళీ వేడి తగిలిన భాగం అదే. లోపల లేత బూడిద రంగులో గుజ్జు. ఆ వలయం చుట్టూ తెగకుండా, ఒకే మందంలో ఉండాలి. ఒక వైపు మందంగా, ఒక వైపు లేనట్టుగా ఉంటే నీళ్ళు సరిగా పడలేదన్నమాట. ఊచల నాణ్యత చూసేవాళ్ళు చేసే పరీక్షల్లో ఇదొకటి. ఇంటి కోసం ఊచలు కొనే మనం ఆమ్లాలు పట్టుకు తిరగలేం. కానీ ఒకటి చూడొచ్చు. ఊచను వంచే చోట పైభాగం చిట్లకూడదు. ఢిల్లీ భూకంప భయం ఉన్న ఊరు. నేల ఊగినప్పుడు ఊచ సాగాలి, తెగకూడదు.

ఇంకొకటి. ఊచ వంగడం లేదని గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచే మేస్త్రీలు అక్కడక్కడా ఉంటారు. వద్దనండి. కర్మాగారంలో ఆ క్షణాల్లో సంపాదించిన గుణమంతా ఆ మంటకు పోతుంది. ఊచ చూడటానికి మాత్రం అలాగే ఉంటుంది.

ఉక్కు గురించి చాలా చెప్పాను. మిగతావాటికి ఏమవుతుంది?

గాజు ఉంది. కారు పక్క అద్దాలు, ఆఫీసుల గాజు తలుపులు. వాటిని టెంపర్డ్ గ్లాస్ అంటారు గానీ, అక్కడ జరిగే పని మనం ఇందాకట్నుంచీ చెప్పుకున్న రెండో వేడి కాదు. అద్దాన్ని 600 డిగ్రీల పైకి వేడి చేసి రెండు వైపులా చల్లటి గాలి కొడతారు. పైపొర ముందు బిగుసుకుంటుంది. తరవాత లోపలి భాగం చల్లారుతూ కుదించుకుపోవాలని చూస్తుంది, పైపొరను లోపలికి లాగి నొక్కి పెడుతుంది. నొక్కి ఉన్న పైపొరలో పగులు మొదలవడం కష్టం. ఒకసారి మొదలైందా, లోపల దాగిన బిగువంతా ఒక్కసారిగా విడుదలై అద్దం గవ్వలంత ముక్కలుగా రాలిపోతుంది. కత్తుల్లాంటి పెంకులు రావు, ప్రాణాలు దక్కుతాయి. కారు ముందు అద్దం మాత్రం వేరు. రెండు గాజుల నడుమ ప్లాస్టిక్ పొర అతికించినది. తగిలితే సాలెగూడులా చిట్లుతుంది గానీ రాలదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇలా గట్టి చేసిన అద్దానికి ఆ తరవాత రంధ్రం చేయలేరు, అంచు కోయలేరు. కొలతలన్నీ ముందే చెప్పుకోవాలి.

రాగి, ఇత్తడి తీరు పూర్తిగా తలకిందులు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది కదా. రాగి మెత్తబడుతుంది. రాగి గట్టిపడేది సుత్తి దెబ్బలకు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తీర్చే పనివాళ్ళు కొంతసేపు కొడతారు, రేకు బిర్రబిగుస్తుంది, ఇంకా కొడితే చిట్లుతుంది. అప్పుడు ఓసారి కాలుస్తారు, మళ్ళీ లొంగుతుంది. కొట్టడం, కాల్చడం, కొట్టడం.

అల్యూమినియం ఇంకా వింత. 1906లో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్, కొద్దిగా రాగి కలిపిన అల్యూమినియాన్ని కాల్చి నీళ్ళలో ముంచి చూశాడు. గట్టిపడలేదు. పక్కన పెట్టాడు. కొన్నాళ్ళకు చూస్తే దానంతట అదే గట్టిపడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ వేడి చేయలేదు. విమానాల ఒళ్ళు ఆ రకం లోహంతోనే తయారైంది. ఆ లోహంతో చేసిన రివెట్లు బిగించకముందే గట్టిపడిపోకుండా ఫ్రిజ్‌లో దాచేవాళ్ళు.

ఇక మన హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని మిధాని. 1973లో పెట్టిన లోహాల సంస్థ. అక్కడ మారేజింగ్ ఉక్కు అని ఒకటి తయారవుతుంది. పి.ఎస్.ఎల్.వి. రాకెట్ మొదటి అంచె మోటారు గొట్టం ఆ ఉక్కుతోనే చేస్తారు. ఇందాకట్నుంచీ నేను ఏం చెబుతున్నాను? నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, మళ్ళీ వేడి చేస్తే కొంత మెత్తబడుతుంది అని. ఈ ఉక్కు దగ్గర ఆ మాట తలకిందులు. ఇందులో కార్బన్ దాదాపు లేదు, నికెల్ నూటికి 18 వంతులు ఉంటుంది. ఎర్రగా కాల్చి చల్లార్చినప్పుడు మెత్తగానే ఉంటుంది. కోసుకోవచ్చు, వంచుకోవచ్చు, అతుకు పెట్టుకోవచ్చు. అంతా అయ్యాక సుమారు 480 డిగ్రీల పొయ్యిలో కొన్ని గంటలు ఉంచుతారు. ఆ రెండో వేడిలోనే గట్టిపడుతుంది. ఇనుములో కలిసి ఉన్న నికెల్, మాలిబ్డినం, టైటానియం సన్నటి రేణువులుగా విడిపోయి, వరసలు జారకుండా అడ్డం పడతాయి.

ఇవన్నీ పెద్ద సంగతులు. పోయేముందు వంటింటి సంగతి ఒకటి.

మా ఆర్.కె. పురం సందుల్లోకి సైకిల్ మీద సాన పట్టేవాళ్ళు వస్తారు. మీ ఊళ్ళోనూ వస్తుంటారు. సైకిల్ స్టాండు వేసి, పెడలు తొక్కుతూ రాయి తిప్పుతుంటే నిప్పురవ్వలు లేస్తాయి. రవ్వలు ఎంత లేస్తే అంత బాగా పట్టాడని మనకు సంబరం. కత్తిపీటో, మామూలు ఉక్కు కత్తో చేతికి వచ్చాక అంచు దగ్గర ఒకసారి వెలుతురులో చూడండి. సన్నటి నీలం మరక కనిపించిందా? రాయి రాపిడికి అక్కడ 300 డిగ్రీల వేడి పుట్టిందన్నమాట. ఆ కత్తిని చేసినవాడు గడ్డి రంగు దగ్గరో గోధుమ రంగు దగ్గరో ఆపి ఉంటాడు. సానరాయి దాన్ని నీలం దాకా తీసుకుపోయింది. ఆ మేర మెత్తబడింది. రెండు రోజులు బ్రహ్మాండంగా తెగుతుంది, మూడో రోజు మొండిబారుతుంది. కత్తి పాతబడిందని మనం అనుకుంటాం. గ్యాసు పొయ్యి మంటలో కత్తి కొస కాల్చి ప్లాస్టిక్ డబ్బాకు కన్నం పెట్టే అలవాటు ఉంటే, అక్కడా ఇదే జరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి మీద ఈ రంగులు ఇంకా ఎక్కువ వేడికి గానీ రావు. అందుకని రంగు లేదని దాన్ని నమ్మేయకండి.

నీలం పడిన కత్తికి మందు లేదా అంటే ఉంది. ఆ మరక ఉన్నంత మేరా అంచును నెమ్మదిగా, తడి రాయి మీద అరగదీసేస్తే లోపల పాడవని ఉక్కు బయటపడుతుంది. రెండోసారి సాన పట్టేవాడు వచ్చినప్పుడు ఒక గిన్నెలో నీళ్ళు పెట్టి, నిదానంగా పట్టమనండి, నాలుగు తిప్పులకోసారి కత్తిని నీళ్ళలో ముంచమనండి. పది రూపాయలు ఎక్కువ అడిగితే ఇచ్చేయండి.